మందు తగలని అడవి మట్టిలో మందులకు లొంగని బ్యాక్టీరియా ఉంటుందా?
ఉంటుంది, యాంటీబయాటిక్ (బ్యాక్టీరియాను చంపే మందు) ఎన్నడూ సోకని అడవి మట్టిలో సైతం సహజంగానే ఉంటుంది. మన యాంటీబయాటిక్‌లలో చాలావాటికి పుట్టిల్లు మట్టే: తొలకరి మట్టివాసనకు కారణమైన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాలో ఒక రకం నుంచే 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశారు. ఇలాంటి విషాన్ని తయారుచేసే జీవి దానికి తానే బలికాకుండా రక్షణ జన్యువులనూ మోస్తుంది, దాని పక్కన బతికే జీవుల్లోనూ తట్టుకోగలిగినవే మిగులుతాయి. కెనడాలోని యూకాన్‌లో సుమారు 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో సైతం ఈ జన్యువులు దొరికాయి. అందువల్ల నిరోధకత, అంటే మందులకు లొంగని గుణం, అంతా మందుల దుర్వినియోగంతోనే పుట్టిందనుకోవడం పొరపాటు. దుర్వినియోగంతో నష్టం లేదనుకోవడం అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు, ఎందుకంటే మామూలు జలుబుకూ కోళ్ల మేతలోనూ అనవసరంగా వాడే యాంటీబయాటిక్ లొంగే బ్యాక్టీరియాను చంపి లొంగనివాటినే పెరగనిస్తుంది, ఆ జన్యువులు రోగకారక క్రిములకు చేరే అవకాశాన్నీ పెంచుతుంది.