కోట్ల లెక్క పక్కన పెట్టి రాయి

విశాఖపట్నం

ప్రియమైన తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. ‘పుష్ప 2’ మీద ఒకటి, ‘కల్కి’ మీద ఒకటి, ‘దేవర’ మీద ఒకటి. వాక్యం బాగుంది, తడబాటు లేదు. సినిమా అంటే నీకు ప్రాణమని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. మూడింటిలోనూ మొదటి పేరా బడ్జెట్ ఎంత అని, రెండో పేరా మొదటిరోజు ఎంత వచ్చింది అని. సినిమా గురించి మొదలుపెట్టేసరికి వ్యాసం సగమైపోయింది.

ఆ అంకెల మీద అంత నమ్మకం పెట్టుకోకు. పోస్టర్ మీద వేసేది సాధారణంగా గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులోంచి జీఎస్టీ పోవాలి, హాలు అద్దె పోవాలి, మిగిలింది షేర్. మన ఉత్తరాంధ్ర హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్ పెట్టిన డబ్బు ఆ షేర్‌తో వెనక్కి వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి ఇక్కడ హిట్టో ఫట్టో తేలుతుంది. వందల కోట్ల పోస్టర్ పడిన సినిమాకి కూడా ఏదో ఒక ఏరియాలో నష్టం రావచ్చు. 2025 సంక్రాంతికి చూశావు కదా, ‘గేమ్ ఛేంజర్’ అంత భారీగా జనవరి 10న వస్తే, నాలుగు రోజుల తర్వాత వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ దాన్ని దాటి వెళ్లిపోయింది. ఇవన్నీ వ్యాపారం రాసేవాళ్లు ఓపికగా తేల్చాల్సిన సంగతులు. అంత డబ్బు తెర మీదికి వచ్చి ఏం చేసింది అన్నది నీ పని.

పెద్ద సినిమాకి వెళ్తే నేను వెతికేది ఒకటే. ఇందులో మనిషికి ఏం కావాలి? లోకాన్ని కాపాడటం లాంటిది చెప్పకు, అది ఎవరికీ నిజంగా తగలదు. చిన్నది, ఇంట్లో అడగగలిగేది కావాలి. 2015లో ‘బాహుబలి’ మొదటి భాగంలో హీరో శివుడు శివలింగాన్ని పెకలించి భుజాన వేసుకుని జలపాతం కిందికి మోసుకెళ్తాడు. హాలు ఊగిపోయింది. గ్రాఫిక్స్ చూసి ఊగిందని అప్పట్లో చాలా రాశారు. నాకలా అనిపించలేదు. అంతకు ముందే వాళ్లమ్మ మొక్కు తీర్చుకోవడానికి కుండలతో నీళ్లు మోసి మోసి అలిసిపోవడం చూపించారు. కొడుకు వద్దంటే వినదు. అమ్మ కష్టం చూడలేక దేవుణ్ణే నీళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. కొండ, జలపాతం, కీరవాణి పాట అన్నీ ఆ ఒక్క కొడుకు బెంగకి పనిచేశాయి. ఆ బెంగ తీసేసి అదే షాట్ చూపిస్తే ఎవరూ ఈల వెయ్యరు.

‘ఆర్‌ఆర్‌ఆర్’లో ‘నాటు నాటు’ పాట కూడా అంతే. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు కీవ్‌లో ఏ ప్యాలెస్ ముందు తీశారు, స్టెప్పు ఎలా వచ్చింది అని అందరూ రాశారు. పాట చివర రామ్ కావాలనే పడిపోతాడు, జెన్నీ చూస్తుండగా భీమ్ గెలవాలని. స్నేహితుడి కోసం ఓడిపోవడం అది. ఆ పడిపోవడం గురించి నాకు కనిపించినంతలో ఎవరూ పెద్దగా రాయలేదు. నువ్వు రాయగలవు. నీ కన్ను అలాంటివి పట్టుకుంటుందని నీ ‘కల్కి’ వ్యాసంలో అశ్వత్థామ గురించి రాసిన నాలుగు వాక్యాల్లో తెలిసింది. మిగతా అంతా కొట్టేసి ఆ నాలుగు వాక్యాలనే పెంచు. ఆ సినిమాలో హీరో భైరవకి కాంప్లెక్స్‌లోకి, అంటే ఉన్నవాళ్లు బతికే చోటికి వెళ్లాలి, దానికి యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, కావాలి. కోరిక స్పష్టంగానే ఉంది. కానీ మొదటి సగంలో అతను దానికోసం పాటుపడటం కంటే అతిథులు వచ్చిపోవడమే ఎక్కువైంది. రాజమౌళి వచ్చారు, రామ్ గోపాల్ వర్మ వచ్చారు, హాలు నవ్వింది, కథ ఆగింది. యుగాల నుంచి శాపం మోస్తూ, పుట్టబోయే బిడ్డకి కాపలా కాయడం కోసమే బతికున్న ముసలివాడు అశ్వత్థామ లేచి నిలబడ్డాక గానీ అంత పెద్ద సెట్లకి అర్థం రాలేదు.

‘పుష్ప 2’ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నువ్వు దాన్ని మాస్ అని ఒక్కమాటలో తేల్చేశావు. శ్రీవల్లి మొగుణ్ణి అడిగింది ఒక ఫోటో. ముఖ్యమంత్రితో దిగిన ఫోటో. స్మగ్లర్ పక్కన నిలబడి ఫోటో దిగనని ముఖ్యమంత్రి అన్నాడు. దాంతో పుష్ప ముఖ్యమంత్రినే మార్చడానికి బయలుదేరాడు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాలో చాలా భాగం ఈ ఫోటో వల్లే నడిచింది. ఇది సుకుమార్ తెలివి. పెళ్లాం సరదాగా అడిగిన దానికోసం రాష్ట్రం కదిలిపోవడం మన జనానికి వెంటనే ఎక్కుతుంది. ఆ కోరిక తీరాక సినిమాకి ఇంకో కోరిక కావాల్సి వచ్చింది. అన్న కూతురి దగ్గర దాన్ని వెతుక్కుంది. ఇంటిపేరు కోసం పుష్ప పడే బాధ మొదటి భాగం నుంచీ ఉంది కాబట్టి ఆ కథ కొంత నిలబడింది. అయినా చివరి ఫైట్ వేరే సినిమా నుంచి వచ్చినట్టే ఉంది నాకు. గంగమ్మ జాతర ఘట్టం మాత్రం ఎన్నేళ్లయినా చెప్పుకుంటాం. చీర కట్టుకుని, ఒళ్లంతా నీలం పూసుకుని ఒక పెద్ద హీరో అంతసేపు ఆడటం ఊరికే వచ్చే ధైర్యం కాదు. నీకు నచ్చలేదంటే సరే. ఎక్కడ నచ్చలేదో, ఏ నిమిషం నుంచి సీట్లో కదలడం మొదలైందో చెప్పు.

ఇక పూనకాలు. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అదిరింది, ఎలివేషన్లు మామూలుగా లేవు అని రాశావు. మొదటిరోజు జగదాంబలో ఆ అరుపుల మధ్య ఎవరికైనా అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. ఆ ఆనందాన్ని తక్కువ చెయ్యకు. కానీ పూర్తిగా రాయాలంటే రెండోసారి చూడు. రెండో వారంలో, మంగళవారమో బుధవారమో, మ్యాట్నీకి వెళ్లు. గాజువాక వైపు హాళ్లకి వెళ్తే స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు ఉంటారు, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని వస్తారు. వాళ్లు ఊరికే ఈల వెయ్యరు. అప్పుడు డైలాగ్ వినబడుతుంది, పాట సాహిత్యం వినబడుతుంది, డ్రమ్ముల కింద సన్నివేశం ఉందా లేదా తెలుస్తుంది. తమన్ గానీ అనిరుధ్ గానీ సౌండ్ పెంచిన చోట, అది లేకపోతే హీరో నడిచి రావడంలో ఏం మిగిలిందో గమనించు. కొన్నిసార్లు చాలానే మిగులుతుంది. ‘బాహుబలి’లో దేవసేన ఇరవై అయిదేళ్లు పుల్లలు ఏరి చితి పేర్చుకుంటుంది. ఆ షాట్‌కి సంగీతం అక్కర్లేదు.

నువ్వు ఇంకా రాయనిది, రాస్తే నేను ఎదురుచూసేది ‘ఆర్‌ఆర్‌ఆర్’. హైదరాబాద్‌లో కూర్చుని ఎంతమంది రాసినా నువ్వు రాసేది వేరుగా ఉంటుంది, ఉండి తీరాలి. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పుట్టిన పాండ్రంగి మన పద్మనాభం మండలంలోనే ఉంది. మన్యంలో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు పెట్టి, రోడ్లు వేయించడానికి గిరిజనుల చేత వెట్టి చేయించిన రోజుల్లో ఆయన లేచాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేశాడు. తుపాకులు పట్టుకెళ్తూ, ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాడని మన ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఈ కథ కాదని సినిమా ముందే చెబుతుంది, అది కల్పన. చరిత్రని పాడుచేశారని కొందరు కోప్పడ్డారు, కల్పన అన్నాక ప్రశ్నించకూడదని ఇంకొందరు. నాకు రెండూ తొందరపాటుగానే అనిపిస్తాయి.

సినిమాలో రామ్‌కి కావాల్సింది చూడు. తన ఊళ్లో ప్రతి చేతికీ ఒక తుపాకి. దానికోసమే బ్రిటిష్ పోలీసు యూనిఫాం వేసుకుని, సొంత జనాన్ని కొట్టి, పై మెట్టు ఎక్కుతాడు. చింతపల్లి స్టేషన్ గోడ మీది తుపాకులే ఇక్కడా ఉన్నాయి. దారి మారింది, ఆకలి అదే. రచయిత చరిత్రలోంచి తీసుకున్న అసలు సరుకు ఇది అని నా అభిప్రాయం. దాంతో ఇంకో ప్రశ్న వస్తుంది. నిజంలో ఆ తుపాకులు పట్టింది గాము గంటందొర, మల్లుదొర లాంటి మన్యం మనుషులు, వాళ్ల వెనక ఊళ్లకి ఊళ్లు. తెర మీద ఇద్దరు వీరులు మాత్రమే మిగిలారు. ఇద్దరు మనుషుల మీదికి అంత బరువు ఎత్తేసినప్పుడు సినిమాకి ఏం వచ్చింది, ఏం పోయింది? రాసే ముందు 1974లో కృష్ణ గారు తీసిన ‘అల్లూరి సీతారామరాజు’ మళ్లీ చూడు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ అది, చింతపల్లి అడవుల్లో తీశారు. అప్పటి లెక్కలో అదీ భారీ సినిమానే. పక్కపక్కన పెట్టి చూస్తే అడవి ఎక్కడ మనిషిలా ఉందో, ఎక్కడ ఉత్త వెనక బొమ్మగా ఉందో నీకే కనిపిస్తుంది. వీలైతే ఒకసారి కృష్ణదేవిపేట వెళ్లి ఆయన సమాధి చూసి రా. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 మార్చి 25న వచ్చింది. పది రోజులకే, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. ఆ రెండు వారాల్లో మన దగ్గర మాటలు ఎలా ఉండేవో పెద్దవాళ్లని అడుగు, వ్యాసంలోకి పనికొస్తాయి.

‘దేవర’ గురించి నువ్వు రాసినదాంట్లో గ్రాఫిక్స్ తేలిపోయాయన్న ఫిర్యాదు ఉంది. ఆ మాట ఎవరైనా అంటారు. నువ్వు సముద్రం పక్కన పెరిగినవాడివి, అంతకంటే లోపలికి వెళ్లగలవు. దొంగ సరుకు కోసం సముద్రం ఎక్కొద్దని దేవర తన జనాన్ని అడ్డుకుంటాడు, అక్కడి నుంచి భయం మొదలవుతుంది. మంచి ఆలోచన. అయితే ఆ ఆదాయం ఆగిపోయిన ఊళ్లల్లో పొయ్యి ఎలా వెలిగింది? సినిమా దాన్ని తొందరగా దాటేసింది. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులు ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటే ఇళ్లల్లో అప్పులెలా పెరుగుతాయో, గొడవలెలా వస్తాయో నీకు తెలుసు. అది తెలిసినవాడు ‘దేవర’ చూస్తే ఏం లోటుగా అనిపించింది? అది రాయి. ‘తండేల్’ది అంత పెద్ద బడ్జెట్ కాదు గానీ అందులో ఆ బరువు కొంత పట్టుకున్నారు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన సిక్కోలు (శ్రీకాకుళం) మత్స్యకారుల కథ అది. వెళ్లొద్దని సత్య అడగడం, రాజు వెళ్లిపోవడం, ఆ ఎదురుచూపు అంతా మన ఇళ్లల్లోదే. జైలు సన్నివేశాలు మాత్రం ఎప్పుడూ చూసే దేశభక్తి దారిలో పోయాయి. యాస గురించి కూడా నువ్వే తీర్పు చెప్పాలి, ఆ మాట వింటూ పెరిగిన చెవి నీది.

రెండు భాగాల జబ్బు గురించి ఎక్కువ రాయను. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న జనం నోట రెండేళ్లు నిలిచిందంటే అప్పటికే బాహుబలి మీద ప్రేమ పుట్టింది కాబట్టి. ఆ ప్రేమ పుట్టించకుండా చివర్లో తలుపు తెరిచిపెట్టి వెళ్లిపోతే ప్రేక్షకుడికి మిగిలేది సగం సినిమా. నీకు అలా అనిపించిన చోట గట్టిగా చెప్పు.

టికెట్ ధర గురించి కూడా రాయి, నామోషీ అనుకోకు. ‘పుష్ప 2’కి 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్‌కి మన రాష్ట్రంలో జీఎస్టీ కాకుండా 800 రూపాయలకి అనుమతి ఇచ్చారు. నలుగురున్న ఇల్లు ఆ షోకి వెళ్లాలంటే ఎంతవుతుందో లెక్క కట్టు. అంత పెట్టి వెళ్లినవాడు సినిమా బాలేదని ఒప్పుకోవడానికే ఇష్టపడడు, లేదా మామూలు సినిమాని కూడా పగబట్టినట్టు తిడతాడు. చూసే చూపునే ధర మార్చేస్తోంది. కోట్ల లెక్కల్లో నాకు పట్టింపు ఉన్నది ఈ ఒక్కదాని మీదే.

ఇంటర్వెల్‌లో పోస్ట్ పెట్టకు. ఇంటికి వచ్చి, పడుకుని లేచాక ఏ సన్నివేశం గుర్తుందో దాంతో మొదలుపెట్టు. హీరో నీ అభిమాన నటుడైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయి, ఆ తర్వాత నీ మాటకి విలువ పెరుగుతుంది తప్ప తగ్గదు. సొంత పేరుతోనే రాయి, మారుపేర్లు వద్దు. ఫ్యాన్స్ తిడతారు, తప్పదు. తిట్లకి జవాబు ఇవ్వకు. వాళ్లల్లో ఎవరైనా నువ్వు రాసిన సన్నివేశం అలా లేదని, ఆ డైలాగ్ ఆ పాత్రది కాదని చెబితే మాత్రం వెళ్లి మళ్లీ చూసి, తప్పుంటే అదే రోజు సరిదిద్దు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ వ్యాసం రాశాక నాకు పంపు, చింతపల్లి గురించి నా దగ్గర ఉన్న పాత పుస్తకాలు రెండు ఇస్తాను.

ప్రేమతో,
మీ అన్నయ్య