వంగనారు వాలిపోతే...

ప్రశ్న: శ్రీకాకుళంలో మా వీధివారంతా కలిసి పెంచుతున్న కూరగాయల తోటలో సాయపడటానికి మొన్న ఆదివారం మొదటిసారి వెళ్లాను. ఉదయం 10 గంటల ఎండలో నేను నాటిన వంగ మొక్కలన్నీ మధ్యాహ్నానికే తలలు వాల్చేశాయి. మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లడం లేదు. అవి బతుకుతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు బతుకుతాయి. నారు పీకినప్పుడు నీటిని పీల్చే సన్నని వేరునూగు తెగిపోతుంది, ఆకులు మాత్రం ఎండకు తేమను వదులుతూనే ఉంటాయి కనుక, కొత్త వేర్లు పుట్టేవరకు మొక్క వాలడం సహజం. తెల్లవారుజామున వెళ్లి చూడండి. నడిమి చిగురు పచ్చగా ఉండి, ఆకులు మళ్లీ నిలబడితే ఆ మొక్క నిలదొక్కుకుంటున్నట్లే. రెండు మూడు రోజులు కొబ్బరి మట్టలతో నీడ కల్పించి, మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు. వాలిన మొక్కను చూసి జాలితో మడి నిండా నీళ్లు పెట్టడమే అసలు ప్రమాదం, ఎందుకంటే గాలి అందక వేర్లు కుళ్లుతాయి. ఇకపై 4 వారాలు దాటిన నారును, ముందుగా నారుమడిని తడిపి, వేర్లకు మట్టి అంటి ఉండగానే పీకి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ నాటండి. చచ్చిన మొక్కల స్థానంలో నాటడానికి కొంత నారు మిగుల్చుకోవడం మన రైతులకు అలవాటే. వచ్చే ఆదివారం తప్పక వెళ్లి ఆ ఖాళీలు మీరే పూరించండి.