వంటింటి ప్రశ్నలు: చికెన్ మర్సాలా ఉప్పు కషాయమైతే

ప్రశ్న: సూపర్ మార్కెట్లో వెనిగర్ సీసాల పక్కన దొరికే ‘మర్సాలా కుకింగ్ వైన్’ పోసి చికెన్ మర్సాలా (మర్సాలా వైన్, పుట్టగొడుగులతో వండే చికెన్) చేస్తే ఉప్పు కషాయమైంది. రెండోసారి అసలైన మర్సాలా వైన్ కొని పోస్తే పాకంలా తియ్యగా వచ్చింది. ఎక్కడ పొరపాటు?
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: మీ చేతిలో కాదండీ, సీసాలో. కుకింగ్ వైన్‌ను ఎవరూ తాగకుండా ఉప్పు కలిపి అమ్ముతారు. మరిగిస్తే నీరు పోతుంది, ఆల్కహాల్ చాలావరకు పోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. దానికి ఉప్పున్న స్టాక్ (చికెన్ ఉడికించిన నీళ్లు) కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ సీసా జోలికి పోకండి.

రెండోది ‘డోల్చే’, అంటే తీపి రకం, అయ్యుంటుంది. ఇటలీలోని సిసిలీలో చేసే ఈ వైన్‌ లేబుల్ మీద ‘సెక్కో’ (తీపి తక్కువ రకం) అని ఉంటే లీటరుకు చక్కెర 40 గ్రాముల లోపు, ‘డోల్చే’ అయితే 100 పైన. అంటే 150 మి.లీ.లో ఒకదానికి 6 గ్రాములు మించదు, రెండోదానికి 15కి పైమాటే. ఇగిరాక ఆ తేడా నాలుకకు ఇట్టే తెలుస్తుంది.

ఇద్దరికి 150 మి.లీ. సెక్కో చాలు. పల్చగా కొట్టిన చికెన్ బ్రెస్ట్ ముక్కలకు మైదా అద్ది, వేయించి తీసేయండి. అదే పాన్‌లో 200 గ్రాముల పుట్టగొడుగులు వేసి, ఊరిన నీరంతా ఇంకనివ్వండి. ఇంకకుండా వైన్ పోస్తే గ్రేవీ చప్పబడుతుంది. స్టవ్ కట్టేసి, వైన్‌ను కప్పులోంచి పోయండి. సీసా ఎత్తి పోస్తే మంట సీసాదాకా ఎగబాకే ప్రమాదముంది. మళ్లీ వెలిగించి, అడుగున పట్టిన ఎర్రటి మాడును చెక్క గరిటెతో గీకండి. రుచంతా అందులోనే ఉంది. వైన్ సగమయ్యేసరికి ముక్కుకు గుప్పున తగిలే ఘాటు తగ్గుతుంది. అప్పుడు ఉప్పులేని స్టాక్ 120 మి.లీ. పోసి, గరిటెకు పట్టేంత చిక్కబడ్డాక ముక్కలు వేసి మూడు నిమిషాలు ఉంచండి. ఉప్పు చివర్లోనే.

ప్రశ్న: మర్సాలా లేకపోతే డ్రై (తీపి లేని) షెర్రీ వైన్ పోయొచ్చా? మిగిలింది ఎన్నాళ్లుంటుంది?

జవాబు: షెర్రీల్లో ఒలొరోసో అనే రకం పోయండి, రంగూ రుచీ దగ్గరగా ఉంటాయి. ఫీనో అనే షెర్రీ మరీ తేలిక; చేపలకు, రొయ్యలకు బాగుంటుంది. పీపాలో ఈస్టు పొర కింద గాలి తగలకుండా పెరిగిన వైన్ అది, మూత తీస్తే ఫ్రిజ్‌లో పెట్టినా వారమే. పీపాలోనే గాలికి అలవాటుపడ్డ ఒలొరోసో, మర్సాలా కొన్ని వారాలు నిలుస్తాయి.

ప్రశ్న: ఉడికితే ఆల్కహాల్ పూర్తిగా పోతుందంటారు, నిజమేనా?

జవాబు: కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం 15 నిమిషాలు ఉడికితే 40 శాతం, గంట ఉడికితే 25 శాతం మిగులుతుంది. మద్యం ముట్టని అతిథులుంటే ముందే చెప్పండి, లేదా స్టాక్‌లో చెంచాడు వెనిగర్ వేసి వండండి. అది మర్సాలా కాదు, పుట్టగొడుగుల చికెన్. అదీ బాగానే ఉంటుంది.