ఇళ్ల అమ్మకపు ధరల రికార్డును ఎంతవరకు నమ్మవచ్చు?

ఒక ఫ్లాటు కొనబోతున్నాననీ, అదే భవనంలో రెండు ఫ్లాట్లు ఒకే రోజు, ఒకే ధరకు, అదీ మిగిలిన వాటికి దాదాపు రెట్టింపు ధరకు అమ్ముడైనట్లు ప్రభుత్వ రికార్డులో కనిపిస్తోందనీ, ఇలాంటి రికార్డును నమ్మి బేరానికి కూర్చోవచ్చా అనీ మీరు అడిగారు. కూర్చోవచ్చు. అయితే దస్తావేజు చదవకుండా అందులోని అంకెను మాత్రం వాడకండి. నేను ఒకసారి అలా వాడి, అమ్మకందారు ముందు చిన్నబోయాను.

అప్పట్లో నేను చూస్తున్న ఇంటికి రెండిళ్ల అవతల, అదే విస్తీర్ణంలో, అదే నమూనాలో కట్టిన ఇల్లు అంతకు ముందు ఏడాదే చేతులు మారింది. రికార్డులో దాని ధర ఆ వీధిలోని మిగిలిన అమ్మకాల్లో సగానికి కాస్త ఎక్కువగా ఉంది. మంచి ఆధారం దొరికిందన్న సంబరంతో ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లి అమ్మకందారు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒకసారి చూసి, ‘‘అది అన్నదమ్ముల ఇల్లండీ, తమ్ముడి వాటాను అన్న కొనుక్కున్నాడు’’ అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు రుసుము కట్టి దస్తావేజు నకలు తీయించి చూస్తే, ఆస్తి వివరాలున్న షెడ్యూలులో ‘అవిభక్త అర్ధ వాటా’ అని స్పష్టంగానే ఉంది. అమ్మినవారి ఇంటిపేరు, కొన్నవారి ఇంటిపేరు ఒక్కటే. అంటే రికార్డులోని అంకె తప్పు కాదు, అది సగం ఇంటి ధర. నేను చూసిన జాబితాలో ఇల్లు, తేదీ, ధర ఉన్నాయే తప్ప వాటా ఎంతో చెప్పే గడి లేదు.

నిజానికి ఇలాంటి రికార్డులు ఎక్కువ చోట్ల కొనేవారికి ధర తెలియజేయడం కోసం మొదలైనవి కావు. ఆస్తి ఎవరి పేరుకు మారిందో నమోదు చేయడానికి, బదిలీపై పన్ను వసూలు చేయడానికి మొదలయ్యాయి. అందువల్ల అందులోని ధర ఎంత నమ్మదగినది అనేది, దాన్ని చెప్పింది ఎవరు, తప్పు చెబితే ఏమవుతుంది, జాబితాలోకి ఎక్కించే ముందు ఏవి వడగట్టారు అనే వాటిని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ అనే ప్రభుత్వ సంస్థ 1995 నుంచి జరిగిన అమ్మకాల ధరలను ఉచితంగా అందిస్తోంది. పూర్తి మార్కెట్ ధరకు జరగని బదిలీలను, బహుమతులను అందులో చేర్చరు. అప్పు తీర్చక స్వాధీనమైన ఇళ్ల అమ్మకాలు, కంపెనీలు కొన్నవి 2013 అక్టోబరు నుంచి విడి వర్గంగా కనిపిస్తాయి. ఐర్లండ్‌లో ఇళ్ల అమ్మకపు ధరల రిజిస్టరు 2010 జనవరి 1 నుంచి ఉంది. స్టాంపు డ్యూటీ కోసం ప్రకటించిన ధరే అందులో కనిపిస్తుంది, కొత్త ఇళ్లకైతే వ్యాట్ కలపని ధర. ఆ సంగతి గమనించనివారు కొత్త ఇల్లు చవకగా పోయిందని పొరబడతారు. అమెరికాలోని టెక్సాస్‌లోనైతే అమ్మకపు ధరను వెల్లడించాలన్న చట్టమే లేదు. అక్కడి దస్తావేజుల్లో ‘పది డాలర్లు, తదితర విలువైన ప్రతిఫలం’ అని రాయడం మామూలే కనుక, పది డాలర్లకు ఇల్లెవరు అమ్మారని ఆశ్చర్యపోనక్కర లేదు.

ధర రాయని చోట కట్టిన పన్నును బట్టి వెనక్కి లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయి బదిలీ పన్ను వెయ్యి డాలర్లకు 1.10 డాలర్లు కాబట్టి, దస్తావేజుపై 550 డాలర్లు కనిపిస్తే ధర 5 లక్షల డాలర్లని తేలుతుంది. కానీ కొన్న వ్యక్తి పాత అప్పును తనపై వేసుకుని ఉంటే, ఆ అప్పు మొత్తాన్ని మినహాయించి మిగిలినదానిపైనే పన్ను పడుతుంది. కొన్ని నగరాలు తమ పన్నును విడిగా కలుపుతాయి. లెక్క సరిగ్గా వేసినా ధర తప్పుగా రావడం ఇలాగే జరుగుతుంది.

ఇక దస్తావేజులో ధర ఉన్నంత మాత్రాన చేతులు మారిన డబ్బంతా అదేనని కాదు. చివరికి నేను కొన్న ఇంటి సంగతే చూడండి. అగ్రిమెంటు అయ్యాక పైకప్పు కారుతోందని తేలింది. ధర తగ్గిస్తే బ్యాంకు రుణం కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించాలి కాబట్టి, ఒప్పుకున్న ధరను అలాగే ఉంచి, మరమ్మతు ఖర్చును అమ్మకందారే భరించేలా బ్యాంకుకు తెలియజేసి సర్దుబాటు చేసుకున్నాం. రికార్డులో పూర్తి ధర ఉంది, నాకు పడింది అంతకంటే తక్కువ. పన్ను ఎగవేయడానికి కొంత సొమ్మును కాగితంపై చూపకుండా ఇచ్చిపుచ్చుకునే చోట ఇది తలకిందులై, రికార్డులోని ధరే తక్కువగా ఉంటుంది. మరో మాట: మేము ధర మాట్లాడుకున్న నెలకూ, రిజిస్ట్రేషన్ తేదీకీ మధ్య నాలుగు నెలలు గడిచాయి. ధరలు వేగంగా కదులుతున్న కాలంలో రికార్డు తేదీని చూసి ‘ఆ నెల ధర ఇది’ అనుకుంటే పొరపాటే.

అయినా బ్రోకర్ల మాటల కంటే, అమ్మకానికి పెట్టిన ప్రకటనల్లో అడిగే ధరల కంటే ఈ రికార్డులే నయమని నా అభిప్రాయం. అడిగే ధర ఆశ మాత్రమే, దస్తావేజు సంతకం పెట్టిన కాగితం. ఒక్క అమ్మకాన్ని పట్టుకుని వాదించకుండా, దగ్గర దగ్గరి తేదీల్లో జరిగిన నాలుగైదు అమ్మకాలను తీసుకుని, వాటిలో మరీ ఎక్కువగానో తక్కువగానో ఉన్నదాని దస్తావేజును మాత్రం తెప్పించుకుంటే చాలు. నేను రెండోసారి బేరానికి వెళ్లినప్పుడు అదే చేశాను, అమ్మకందారు కొంత దిగారు కూడా.

మీ రెండు ఫ్లాట్ల విషయంలో నా అనుమానం ఒకటే. ఒకే దస్తావేజుతో రెండింటినీ కలిపి కొన్నప్పుడు, మొత్తం ధరను ఒక్కో ఫ్లాటు ఎదుటా పూర్తిగా నమోదు చేయడం జరుగుతుంటుంది. ముందు రెండు నమోదుల్లోనూ దస్తావేజు సంఖ్య చూడండి. అది ఒకటే అయితే, నకలు తెప్పించి ఆ ధర రెండింటికీ కలిపి రాసిందేమో నిర్ధారించుకోండి. సంఖ్యలు వేరుగా ఉంటే కొన్నవారి పేర్లు, వాటాల వివరాలు చూసి ఇక్కడ మళ్లీ రాయండి.