కందిందా, కమిలిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 62 ఏళ్లు. మోచేతుల మీదా మోకాళ్ల మీదా పొలుసులు లేస్తున్నాయని చర్మం డాక్టరుకి చూపించాం. ఆయన ఒక గాజు ముక్కతో దాన్ని బరబరా గీకారు. రక్తం వచ్చింది. నాన్నగారు బెదిరిపోయారు. చీటీలో 'లీజన్స్: ఎరిథెమేటస్ స్కేలీ ప్లాక్స్. ఆస్పిట్జ్ సైన్ పాజిటివ్' అని ఉంది. ప్లాక్ అంటే గుండె నాళాల్లో పేరుకునేది కదా? లీజన్ అంటే క్యాన్సరేనని మా బావగారు అంటున్నారు. రెండు రాత్రులుగా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. - ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు మీ బావగారికి కాస్త మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టండి. లీజన్ అనేది జబ్బు పేరు కాదు. చర్మం మీద మామూలుగా ఉండకూడనిది ఏది కనిపించినా మేం అలాగే రాస్తాం. దోమ కుడితే లేచిన దద్దూ లీజనే, పెళ్లికూతురి ముక్కు మీద మొటిమా లీజనే.

ప్లాక్ అంటే ఫ్రెంచిలో పలక, బిళ్ల. చర్మం మీద సెంటీమీటరు కన్నా వెడల్పుగా, కాస్త ఎత్తుగా లేచి, పైన చదునుగా ఉన్నదాన్ని ప్లాక్ అంటాం. మన ఊళ్లలో 'బిళ్ల కట్టింది' అంటారే, అదే. పళ్ల మీది పాచికీ, గుండె నాళాల్లో పేరుకునేదానికీ కూడా ఈ పేరే పెట్టేసరికి అందరికీ ఈ టెన్షన్. స్కేలీ అంటే పొలుసులు రాలుతున్నది. ఎరిథెమేటస్ అంటే కందిన రంగులో ఉన్నది. దీని గురించి ఒక మాట చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ ఫొటోలు తెల్లవాళ్ల చర్మానివే కాబట్టి కందడమంటే గులాబీ రంగనే నేర్చుకున్నాం. చామనఛాయ ఒంటి మీద అది ముదురు గోధుమగానో, వంకాయ రంగులోనో ఉంటుంది. 'ఎరుపేం లేదు కదండీ' అని పేషెంట్లు నాతో వాదిస్తారు. వాళ్ల తప్పేం లేదు.

ఇక గీకిన సంగతి. అది దురుసుతనం కాదు, పరీక్ష. సోరియాసిస్ (చర్మం పొలుసులు కట్టి రాలే జబ్బు) బిళ్లని స్లైడు, అంటే ఆ గాజు ముక్క, అంచుతో గీకితే మొదట కొవ్వొత్తిని గీకినట్టు తెల్లటి పొట్టు రాలుతుంది. ఇంకా గీకితే పల్చటి తడి పొర ఒకటి ఊడుతుంది. దాని కింద సూదిమొనంత రక్తపు చుక్కలు వేరువేరుగా పొడుచుకొస్తాయి. ఈ జబ్బులో సన్నటి రక్తనాళాలు బాగా పైకి వచ్చి ఉంటాయి, వాటి మీద చర్మం పల్చబడి ఉంటుంది, అందుకని. 19వ శతాబ్దంలో వియన్నాలో పనిచేసిన హైన్‌రిష్ ఆస్పిట్జ్ పేరు దీనికి నిలిచిపోయింది, మీ చీటీలోని 'ఆస్పిట్జ్ సైన్' ఇదే. ఇదొక్కటే చూసి జబ్బు ఖాయం చేయం, కానీ మోచేతులు, మోకాళ్లు, తెల్లటి పొలుసులు అన్నీ కలిస్తే దారి సోరియాసిస్ వైపే. అది అంటుకోదు. క్యాన్సర్ కాదు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ కూడా ఒకసారి చూపించండి, సోరియాసిస్ ఉన్నవాళ్లందరికీ నేను చెప్పే మాటే ఇది.

గీకే ముందు 'పెద్దాయనా, నాలుగు చుక్కలు రక్తం వస్తుంది, భయపడకండి' అని ఆ డాక్టరు ఒక్క మాట అని ఉండాల్సింది. అది మా వాళ్ల లోపమే. అయితే ఇంట్లో మీరు గీకొద్దు. ఈ జబ్బున్నవాళ్లకి గీసుకున్న చోటే కొత్త బిళ్ల లేచే గుణం ఉంది.

ప్రశ్న: మా బాబుకి జ్వరం. కాళ్ల మీద ఎర్రటి చుక్కలొస్తే చెమటకాయలనుకున్నాం. డాక్టరమ్మ వేలితో ఒకసారి నొక్కి చూసి, వెంటనే ప్లేట్‌లెట్స్ పరీక్ష రాసింది. నొక్కితే ఏం తెలుస్తుంది? - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మన భాషలో రెండు మాటలున్నాయి: కందడం, కమలడం. ఎండకి మొహం కందుతుంది. గుమ్మానికి కొట్టుకుంటే మోకాలు కమిలిపోతుంది. కందినప్పుడు రక్తం నాళాల్లోనే ఉంటుంది. నొక్కితే పక్కకి తప్పుకుంటుంది, రంగు పోతుంది, వేలు తీయగానే మళ్లీ వస్తుంది. కమిలినప్పుడు రక్తం నాళం దాటి చర్మంలోకి కారిపోయింది. ఎంత నొక్కినా కదలదు. మొదటిదాన్ని ఎరిథెమా అంటారు. రెండోది పర్‌ప్యూరా. అదే సన్నటి చుక్కలుగా ఉంటే పెటీకియా.

వేలు అడ్డొస్తే సరిగ్గా కనపడదు కాబట్టి గాజు స్లైడుతో నొక్కి చూస్తాం. ఇంట్లో అయితే పల్చటి గాజు గ్లాసు పక్క భాగం ఆనించి నొక్కి చూడొచ్చు. జ్వరంతో ఉన్న పిల్లాడికి నొక్కినా పోని చుక్కలుంటే తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. డెంగీ కావచ్చు, ఇంకా ప్రమాదమైన ఇన్ఫెక్షనూ కావచ్చు. నొక్కితే రంగు పోయింది కదా అని ధీమా కూడా వద్దు. డెంగీలో నొక్కితే పోయే ఎరుపూ వస్తుంది.

ప్రశ్న: మా పాప బుగ్గ మీద తెల్లమచ్చ. 'హైపోపిగ్మెంటెడ్ మాక్యుల్' అన్నారు. పాప కళ్లు మూయించి దూదితో తాకి చూశారు. కుష్టు అని అనుమానమా? - ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ మాటకి అర్థం రంగు తగ్గిన మచ్చ, అంతే. కుష్టు మచ్చ అయితే అక్కడ స్పర్శ పోవచ్చు, అందుకే తాకి చూడటం మా అలవాటు, మన దేశంలో అది వదలకూడని అలవాటు కూడా. బడి పిల్లల బుగ్గల మీద పొట్టు పొట్టుగా వచ్చే పాలిపోయిన మచ్చలు చాలామట్టుకు పిటిరియాసిస్ ఆల్బా. కొబ్బరినూనె రాస్తూ ఉంటే మెల్లగా సర్దుకుంటుంది. మచ్చ పెరిగినా, ఇంకోచోట వచ్చినా మళ్లీ చూపించండి.

ప్రశ్న: మా అమ్మ ఊళ్లో ఉంటుంది. ఒంటి మీద ఏదొచ్చినా నేనే వాట్సాప్‌లో ఫొటో పెట్టి డాక్టరుని అడగాలి. ఫొటో కింద ఏం రాయాలి? - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముప్ఫై ఏళ్ల కిందట విశాఖ కేజీహెచ్‌లో పీజీ చేస్తున్నప్పుడు అనకాపల్లి వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నడుం మీద జాజుతో అక్కి రాయించుకుని మరీ వచ్చింది. ఆ ఎర్రమట్టి తుడిస్తే గానీ కింద ఏముందో కనపడలేదు. ఏమైందమ్మా అంటే ఇలా చెప్పింది: "ముందు రెండ్రోజులు పైకేమీ లేదు, లోపల నిప్పు పెట్టినట్టు మంట. తర్వాత కందింది. కందినదాని మీద ఆవాలు చల్లినట్టు గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు. ఎడం పక్కే. వెన్నుపూస దాటి అటు పోలేదు."

మా ప్రొఫెసర్ నా వైపు తిరిగి "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో" అన్నారు. కేస్ షీట్‌లో నేను ఎరిథెమా, గ్రూప్డ్ వెసికిల్స్, యూనిలేటరల్ అని రాశాను. అంటే ముసలమ్మ మాటలనే లాటిన్, గ్రీకుల్లోకి మార్చాను. జబ్బు హెర్పిస్ జోస్టర్, మన అక్కి. పొక్కులు లేచిన 72 గంటల లోపు మందు మొదలైతే మంచిది. ఆవిడ పొక్కులు లేచిన ఐదో రోజున వచ్చింది, ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

కాబట్టి మీ అమ్మగారినే అడిగి రాయండి. కళ్లు మూసుకుని వేలితో తడమమనండి. వేలికి తగలకపోతే అది మచ్చ, మా మాక్యుల్. గింజలా తగిలితే పాప్యూల్. ఎంత పెద్దదో ఆవగింజ, కందిగింజ, రేగుకాయ లెక్కలో చెప్పినా మాకు అర్థమవుతుంది. పాప్యూల్‌కి హద్దు కొన్ని పుస్తకాల్లో అర సెంటీమీటరు, కొన్నిట్లో సెంటీమీటరు, మేమే ఇంకా తేల్చుకోలేదు! లోపల నీరుందా, చీముందా, గట్టిగా ఉందా? దద్దు అయితే అక్కడే ఉందా, పూటకో చోటికి మారుతోందా? ఎక్కడ మొదలైంది, మెడికల్ షాపులో అడిగి ఏ ట్యూబు రాశారు? ఈ చివరిది దాచొద్దు. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే తామర అంచులు చెరిగిపోయి, మేం కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది.

ఫొటోలు రెండు పంపండి, ఒకటి దగ్గరగా, ఒకటి ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరంగా. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి. ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ దగ్గర తీయమనండి, ఫోన్లో ఆ బ్యూటీ మోడ్ తీసేయమనండి. మొన్న ఒకాయన పంపిన ఫొటోలో మంగు మచ్చలు అసలు కనపడనే లేదు.