కీర్తి తోరణం షెల్ఫు గోడను వదిలేస్తోంటే: సమాధానం

మీ చెక్కపనిలో తప్పేమీ లేదు, స్క్రూలను పట్టి ఉంచడానికి గోడ రంధ్రాల్లో దించే ప్లాస్టిక్ ప్లగ్గులు ఇటుక దాకా వెళ్లకుండా ప్లాస్టరింగు పొరలోనే ఆగిపోయాయి. హనుమకొండ ఇంట్లో కాకతీయుల కీర్తి తోరణం చెక్కిన మీ మూడడుగుల టేకు షెల్ఫు పై అంచు వేలు మందం విడిపోయి, కింది అంచు గోడకు ఆనుకునే ఉందన్నారు. అంటే పై స్క్రూలు ఊడి వస్తున్నాయి. వాటినే మళ్లీ బిగిస్తే లాభం లేదు.

1. షెల్ఫు దించి, పాత రంధ్రాలకు రెండంగుళాల పక్కన కొత్త గుర్తులు పెట్టండి. లోపల కరెంటు పైపు లేదని చూసుకోండి.

2. హ్యామర్ డ్రిల్లుతో 8 మి.మీ. రంధ్రం, 65 మి.మీ. లోతు. మొదట బూడిద రంగు సిమెంటు పొడి రాలుతుంది, తర్వాత ఎర్రని ఇటుక పొడి రావాలి. చివరిదాకా బూడిద రంగే వస్తే ఇటుకల మధ్య అతుకులో పడినట్టు, కాస్త జరగండి. ఫ్లై యాష్ ఇటుకలైతే ఈ గుర్తు పనికిరాదు.

3. చాలామంది వదిలేసేది ఇదే: రంధ్రంలోని పొడి. అది ఉంటే ప్లగ్గు ఇటుకను పట్టుకోదు, పొడి మీద జారుతుంది. సన్నని బ్రష్ తిప్పి, సైకిలు పంపుతో ఊదండి. పొడి రాలడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. కళ్లు జాగ్రత్త.

4. 40 మి.మీ. ప్లగ్గును గోడతో సమంగా ఆపకండి. మేకుతో తట్టి ప్లాస్టరింగు దాటించండి, సుమారు 15 మి.మీ. లోపలికి.

5. షెల్ఫును గోడకు బిగించే వెనుక పట్టీ మందం 18 మి.మీ. అయితే 75 మి.మీ. స్క్రూ కావాలి.

తోరణం చెక్కిన పలకను ముందు అంచు నుంచి వెనక్కి మార్చండి. పై స్క్రూలను బయటికి లాగే బలం తగ్గుతుంది, చెక్కడం కూడా అక్కడే నిండుగా కనిపిస్తుంది. పెంబర్తి ఇత్తడి బొమ్మలను గోడ వైపే పెట్టండి.