దీపమా, శిల్పమా?

ప్రశ్న: నిమ్మలకుంటలో తోలుబొమ్మల పనితనంతో చేసిన ల్యాంప్‌షేడ్ ఒకటి కొని ముందుగదిలో పెట్టుకున్నాను. రోజూ వెలిగించుకునే వస్తువు కళాఖండం ఎలా అవుతుందని మా మరిది వాదిస్తున్నాడు. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఈ తగవు పెద్ద శిల్పుల మధ్య కూడా ఉన్నదే. ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు పట్టణంలో వెదురుతోనూ, చేతితో చేసిన కాగితంతోనూ కట్టే లాంతర్లను చూసి, ఆ పద్ధతిలోనే ‘అకారి’ దీపాలను రూపొందించడం మొదలుపెట్టి, 1986లో ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బియెన్నాలేలో అమెరికా తరఫున వాటిని తన పాలరాతి శిల్పంతో పాటు ప్రదర్శించారు. మీ మరిది పక్షాన అమెరికా శిల్పి డొనాల్డ్ జడ్ ఉన్నారు. బల్లలూ కుర్చీలూ తానే రూపొందించినా, వాటిని తన శిల్పాలతో కలపడానికి ఆయన ఒప్పుకోలేదు.

మీ దీపం విషయంలో మాత్రం నేను నొగుచి వైపే. మేకతోలును వెలుతురు దూరేంత పలుచగా శుభ్రం చేసి, రంగులద్ది, నగలున్న చోట సన్నని రంధ్రాలు పొడవడమంతా వెనుక నుంచి దీపం పడుతుందన్న లెక్కతోనే సాగుతుంది కనుక, వెలిగించకపోతే ఆ పని సగమే కనబడుతుంది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది నిమ్మలకుంటేనని మరిదికి గుర్తుచేయండి.

వేడికి తోలు ముడుచుకుంటుంది కనుక ఎల్‌ఈడీ బల్బు మాత్రమే వాడండి. దుమ్మును పొడిగుడ్డతోనే తుడవండి.